ఏడూ పది లాంచి

బేకరీ వెనక గది,
బుధవారం, 19వ తేదీ,
మధ్యాహ్నం రెండు గంటలు.

పూజ్యుడైన అన్నయ్యకి,

తమ్ముడి నమస్కారాలు. వదినకి కూడా నా నమస్కారాలు చెప్పు.

ఉత్తరం మొదట్లో అందరూ 'ఉభయకుశలోపరి' అని రాస్తారు. నేనూ రాద్దామనే కూర్చున్నాను. కానీ రెండేళ్ళుగా నువ్వు నా మొహం చూడవు, నేను నీ మొహం చూడను, మనిద్దరి మధ్యా అమ్మ ఇనప్పెట్టె పక్కన పెట్టుకుని రేవులో కూర్చుంది. ఇందులో కుశలం ఎటువైపుందో తెలియక ఆ మాట వదిలేశాను.

నీ ఇంటికీ నా ఇంటికీ మధ్య నడిస్తే పది నిమిషాలు. దానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నిన్న మాట్లాడదామనే వచ్చాను కదా. నువ్వు సరుకుల పడవలోంచి నా పిండి బస్తాలే దింపిస్తున్నావు. దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని, తీరా నోరు తెరిస్తే బయటికొచ్చింది "ఇవాళ నీళ్ళు బాగా వెనక్కి పోయాయే" అని. నువ్వు నీళ్ళకేసి చూసి "ఊఁ" అన్నావు. రెండేళ్ళకి అన్నదమ్ములం మాట్లాడుకున్నది అదీ. బెంచీ మీంచి అమ్మ నెత్తి కొట్టుకోవడం నువ్వు చూడలేదేమో గాని నేను చూశాను. ఇంటికొచ్చి చెబితే మీ మరదలు, నీళ్ళ సంగతి మీ అన్నయ్యకి చెప్పేవాడివి నువ్వొక్కడివే మిగిలావా అంది.

ముందు అమ్మ సంగతే రాస్తాను, అసలు తలనొప్పి అదే కనక. పదిహేను రోజులు మీ ఇంట్లో, పదిహేను రోజులు మా ఇంట్లో అనుకున్నాం, ఏ గొడవా లేకుండా జరిగిపోతోంది. మొన్న ఆదివారం మా వంతు అయిపోయింది. ఎప్పట్లాగే తోపుడుబండి మీద పెట్టె పెట్టించి పంపాను. రేవు దగ్గరికి రాగానే బండి ఆపించిందట. పెట్టె దింపించి, లాంచి కోసం కూర్చునే షెడ్డులో బెంచీ మీద బాసింపట్టు వేసుక్కూర్చుందట. నేను పరిగెత్తుకెళ్ళి ఏమైందమ్మా అంటే, "నేనేమన్నా బంతినట్రా, ఒకడు తంతే ఇంకొకడు పట్టుకోడానికి? ఈ పెట్టెకి రెండు పిడులున్నాయి. ఒకటి పెద్దాడు పట్టుకోవాలి, ఒకటి నువ్వు పట్టుకోవాలి. అంతవరకూ కదల్ను" అంది. ఈ మాట నీకూ చెప్పిందనీ, నువ్వు "పడవకి టైమైంది" అని వెళ్ళిపోయావనీ విన్నాను. నీకెప్పుడూ టైమే అవుతుంది.

చీకటి పడేవేళకి రేవు పక్కనే ఉండే నర్సమ్మ వచ్చి బతిమాలి తన ఇంటికి తీసుకుపోతోంది కాబట్టి సరిపోయింది. పొద్దున్నే మళ్ళీ తయారు. నాలుగు రోజుల్లో ఆవిడక్కడ దర్బారు పెట్టేసింది. టికెట్ల మాస్టారు ఫ్యాను ఇటు తిప్పాడు. ప్రయాణికులు టీలు తెచ్చిస్తున్నారు. నేను పంపిన బన్ను టీలో ముంచి, వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించి, "మా చిన్నాడు గాలిని కాల్చి అమ్ముతాడు" అంటోందట. అంటూనే రెండోది అడుగుతోందట. ఊళ్ళో నా పరువు ఏ గంగలో కలవాలి?

దీవి బతుకులో ఉన్న సుఖమే ఇది. ఇక్కడ తుమ్మితే రేవులో 'చిరంజీవ' అంటారు. గుట్టు తప్ప అన్నీ దొరుకుతాయి. గుట్టు తరవాత దొరకనిది పొడిగా ఉన్న వస్తువు. ఈ వారం గాలికి అగ్గిపెట్టెలు మెత్తబడ్డాయి, తలుపు బందులు ఏడుస్తున్నాయి, పిండి చేత్తో పట్టుకుంటే ఉండ కడుతోంది. కలిపిపెట్టిన పిండి రెండు గంటలకి పొంగాల్సింది గంటకే పొంగి, తొట్టి దాటి కిందికి దిగి, నాకంటే ముందు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడుతోంది. ఫ్రిజ్జు బాగుచేసేవాడు శనివారం వస్తానన్నాడు. ఏ శనివారమో చెప్పలేదు. 

అమ్మ చేసే ఇంకో ఉపకారం నీకు తెలియదు. మా ఇంట్లో ఉన్న పదిహేను రోజులూ, పెద్దకోడలు దుప్పటి మడిస్తే అంచుకి అంచు అతుకుతుంది, పెద్దకోడలు గిన్నె కడిగితే మొహం కనపడుతుంది అని పారాయణం. మీ మరదలు కోపమొచ్చి, ఉన్న దుప్పట్లన్నీ విప్పి మళ్ళీ మడిచింది, వాటితోపాటు నా లుంగీలు కూడా. మీ ఇంట్లో ఉన్నప్పుడు మీ మరదల్ని ఇలాగే పొగుడుతుందట కదా. ఇద్దరు కోడళ్ళూ రేవులో కలిసి ఈ సంగతి చెప్పుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారట. వాళ్ళు ఎప్పుడు మాట్లాడుకుంటున్నారో, ఎన్నాళ్ళ నుంచో, మనకి చెప్పేవాళ్ళు లేరు. 

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. సాయంత్రం ఆఖరి ట్రే దించాక వెనక మెట్టు మీద కూర్చుంటే గాలి హాయిగా కొడుతుంది. విరిగిన బిస్కెట్లు పళ్ళెంలో వేసుకుని కూర్చుంటాను. ఇదివరకు నువ్వు మూడో ట్రిప్పు ముగించుకుని వచ్చేవాడివి. మా అమ్మాయి పిచ్చుక మన మధ్య దూరి, విరగని బిస్కెట్లు కూడా విరగ్గొట్టి తినేది. ఇప్పుడు పళ్ళెంలో మిగిలిపోతున్నాయి. 

అసలు గొడవ మళ్ళీ తవ్వొద్దని అమ్మ ఆజ్ఞ. తవ్వను. కానీ నా పక్క నుంచి ఒక్కసారైనా సావకాశంగా చెప్పుకునే అవకాశం నువ్వెప్పుడిచ్చావు కనక?

ఆ రోజు పిచ్చుకకి అవతలి ఒడ్డున ప్రవేశ పరీక్ష. పడవ ఇంజన్ల చదువు. ఆ పిచ్చి దానికి ఎక్కించింది నువ్వే. ఏడేళ్ళప్పుడు ఇంజన్ గదిలో కూర్చోబెట్టి, చెవితో వింటే ఏ భాగానికి జబ్బు చేసిందో చెప్పొచ్చని నేర్పింది నువ్వే. లాంచి ఏడూ పదికి. తరవాతది పదిన్నరకి, దాన్లో వెళితే పరీక్ష అయిపోతుంది. మేము రేవులోకి అడుగుపెట్టేసరికి నా గడియారంలో ఏడూ ఎనిమిది. లాంచి అప్పటికే ఆఖరి స్తంభం దాటింది. పిల్ల చెయ్యి ఊపుతోంది, కేకలు పెడుతోంది. నువ్వు వెనక్కి తిరిగి చూశావు. చూసి, మళ్ళీ ముందుకి తిరిగావు. ఇరవై రెండేళ్ళుగా లాంచి నడిపిన సరంగువి, తమ్ముడి కూతురి కోసం రెండు నిమిషాలు ఆగలేకపోయావు. ఆగడం కూడా కాదు, రెండు నిమిషాలు ముందే వెళ్ళిపోయావు.

నేను లాంచి ఆఫీసుకి రాసిన మాట నిజం. రేవులో నలభై మంది సంతకాలు పెట్టిన మాటా నిజం. నిన్ను ప్రయాణికుల లాంచి నుంచి తీసేసి సరుకుల పడవలో వేస్తారని నేననుకోలేదు. ఏదో మందలించి వదిలేస్తారనుకున్నాను. నువ్వు కూడా "ఏడూ పదికే కదిలాను" అని ఒక్క ముక్క రాసిచ్చి నోరు కట్టేసుకున్నావు. వాదించాలి కదా మనిషన్నాక.

పిచ్చుక మళ్ళీ ఆ పరీక్ష రాయలేదు. రాయమంటే, "పెదనాన్నే చూసి కూడా వదిలేసి వెళ్ళాడంటే ఆ చదువు నాకు అచ్చిరాదన్నమాటే" అంటుంది. నాతోపాటు పిండి కలుపుతోంది. మొన్న నీ పడవ రేవుకొస్తుంటే చప్పుడు విని, "రెండో సిలిండరు సరిగ్గా కొట్టడంలేదు" అంది. అని నాలిక్కరుచుకుని మొహం తిప్పేసుకుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. నిన్నూ వదులుకుంది, ఇంజన్లనీ వదులుకుంది.

నాన్న మనిద్దరికీ తెడ్లే ఇచ్చి పోయాడు. నీది నీళ్ళలోకి, నాది బట్టీలోకి. ఆస్తి సమానంగా పంచినట్టే మొండితనం కూడా సమానంగా పంచాడు. కానీ ముప్పయ్యో తేదీన నువ్వు రిటైరవుతున్నావట. ఆ రోజు కూడా అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా ఉంటే ఊరు నవ్వుతుంది. అందుకని నేనే ఒక మెట్టు దిగుతున్నాను. నా వంతుగా నేను మనసులోంచి తీసేశాను. నువ్వు పెద్దవాడివి. పొరపాటైందని ఒక్క మాట పిల్లతో అను, చాలు. ఆ మాట అన్న సాయంత్రమే వచ్చి అమ్మ పెట్టె రెండో పిడి పట్టుకుంటాను.

ఇంతకంటే ఎక్కువ దిగడం నా వల్ల కాదు. ఇక్కడ బట్టీ చల్లారిపోతోంది.

నీ క్షేమం కోరే,
తమ్ముడు.

తా.క.: అన్నయ్యా, పై ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపితే నేనెంత దూరం వెళ్ళానో నీకు తెలియదు. అందుకే ఉంచాను.

సంతకం పెట్టి మడుస్తుంటే పిచ్చుక టీ తెచ్చింది. ఎవరికని అడిగింది. చూపించాను, గొప్పగానే చూపించాను. మొత్తం చదివింది. చదివి, "నాన్నా, చివర నా తరఫున రెండు ముక్కలు రాయి. నేను చెయ్యి ఊపాను, నువ్వు చూశావు, నేను నీకేం చేశానని ఆగలేదు అని అడుగు" అంది. అలాగేనని కలం తీశాను. 'పిచ్చుక అడగమంటోంది' అని రాయాలి. ఒక్క అక్షరం పడలేదు. నేనే కట్టిన అబద్ధాన్ని దాని నోటితో నిన్ను అడిగించాలి. అది నాకు చేతకాలేదు.

ఆ రోజు నా గడియారంలో ఏడూ పద్నాలుగు. ఎంతయింది నాన్నా అని పిల్ల పరిగెడుతూ అడిగితే ఏడూ ఎనిమిదే, నడువు అన్నాను. రేవుకొచ్చాక అదే మాట పట్టుకున్నాను. తరవాత అందరికీ అదే చెప్పాను. చెప్పీ చెప్పీ ఆఫీసుకి కూడా అదే రాశాను. నువ్వు ఏడూ పదికే కదిలావు. ఒక్క క్షణం ముందు కాదు.

ఆలస్యం నాది. పిల్ల ఆరున్నరకే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఒక్కదాన్నే వెళతాను నాన్నా, నీకు పనుంది కదా అంది. నేనే ఆపాను. నేనూ వస్తాను, ఒక్క అయిదు నిమిషాలు అన్నాను. ఆఖరి ట్రే దించాను. స్నానం చేశాను. తెల్లచొక్కా ముడతలుగా ఉందని ఇస్త్రీ పెట్టె వేడెక్కేదాకా కాచుకుని ఇస్త్రీ చేసుకున్నాను. నా కూతురు పరీక్షకి వెళుతోంది, దాని సంచీ నేను పట్టుకుని వీధి పొడుగునా పక్కన నడవాలి, అందరూ చూడాలి. అంతే అన్నయ్యా. ఇంకేం లేదు.

ఇదంతా ఇందాక పిచ్చుకకి చెప్పాను. టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని విన్నది. "చొక్కా కోసమా?" అంది. అవునన్నాను. తరవాత వెళ్ళి మోచేతుల దాకా పిండి కడుక్కుంది. తిట్టినా బాగుండేది.

ఆఫీసుకి వేరే కాగితం రాశాను. ఫిర్యాదు అబద్ధమని, ఆ అబద్ధం నాదేనని. దాని నకలు టికెట్ల కిటికీ పక్కన నా చేత్తోనే అతికిస్తాను, సంతకాలు పెట్టిన నలభై మందీ చదవాలి కనక. మిగిలిన పది రోజులకైనా నిన్ను మళ్ళీ లాంచి మీదికి రానిస్తారో లేదో నాకు తెలియదు. పోయిన రెండేళ్ళు మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

నువ్వు పొరపాటైందని అనక్కర్లేదు. నాతో మాట్లాడక్కర్లేదు. పిల్లతో మాట్లాడు.

ఈ ఉత్తరం అది తెస్తోంది. ఇలా ఇవ్వు అని చెయ్యి చాపి గుమ్మంలో నిలబడింది. నీ పడవ మూడున్నరకి వస్తుందని దానికి తెలుసు. ఒక్కతే వస్తోంది. నేను వెంట రావడంలేదు.