డిటెక్టివ్ త్రిలోచన్ వేషం

బెల్లంపల్లి,
తేది 20-9-1964, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రామచంద్రంకు అక్క అనసూర్య దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ, అవ్వ మంచిగున్నం. మీరిద్దరు కూడ కరీంనగర్ల మంచిగున్నరని తలుస్తున్న. మరదలు శంకరవ్వకు నెలలు నిండుతున్నయి, బిందెలు మొయ్యనియ్యకు.

నీ జాబు ముట్టింది. మొదలు సినిమా పంచాయితీ తెంపి, తర్వాత అసలు సంగతికొస్త.

పోయినేడు నీ దగ్గరికొచ్చి హిందీ త్రిలోచన్ చూసినకాడి సంది మనకిదే కొట్లాట. ఇప్పుడు దాన్నే మళ్ల తెలుగుల తీసిన్రు, తెలుగాయనే అసలు డిటెక్టివ్ అని నువ్వు రాసినవు. నేనొప్పుకోను. హిందీ ఆయన బక్క మనిషి, మాట తక్కువ. ఊకె చూస్తుంటెనే దొంగకు చెమటలు పట్టేటియి. తెలుగాయన పొట్టేసుకొని, గొడుగు పట్టుకొని, తోటల హీరోయిన్ వెంట పాట పాడుతడు. ఈయన గిట్ల పాడుకుంట తిరిగితె హంతకుడు ఊరు దాటిపోడా అని మీ బావ ఒక్కతీరుగ నవ్విండు. ఆ పాడుబడ్డ బంగ్లాల మెట్లు దిగే సీను గుర్తుందా? హిందీల అప్పుడు ఎవ్వలు దగ్గలే కూడ. తెలుగుల అక్కడ హాస్యగాన్ని పెట్టి ఖరాబు చేసిన్రు.

అయినా నువ్వు తెలుగాయన దిక్కు ఎందుకున్నవో నాకు తెలుసు. హంతకుని పేరు చెప్పేముందు ఆయన అందరికి వీపు తిప్పి, టోపి ఎత్తి, ఎడమచెయ్యి మడిచి అంగితోని నుదురు తుడుచుకుంటడు. హిందీల అది లేదు. అది మన బాపుది.

బాపు ఖానాపూర్ చుట్టుపక్కల ఊర్లల్ల ఇదే కథను నాటకమాడేటప్పుడు గ్యాసుబత్తి వేడికి చెమట కండ్లల్లకు దిగేదట. అందుకని అట్ల తుడుచుకునేటోడు. జనం అదే నటన అనుకొని ఈలలేసేటోళ్లు. ఇంట్ల అద్దం ముందట చేసి మనకు చూపించేటోడు గద. తర్వాత సినిమాలల్ల చేరనీకి మద్రాసు పోయిండని అవ్వ చెప్పింది. మళ్ల రాలే, ఒక్క కార్డు ముక్క రాయలే.

నువ్వు ఆ సీను చూసి, బాపు బతికే ఉన్నడు, ఆ నటునికి ఆయనే నేర్పిండు, నౌకరికి రాజీనామా ఇచ్చి మద్రాసుల స్టూడియోలన్ని తిరుగుత అని రాసినవు. నిండుచూలాలిని ఎవలకప్పజెప్పి పోతవు తమ్మీ?

నీ జాబు అవ్వకు చదివి వినిపించిన. తెల్లారి తానే ఆ సినిమా చూస్తనన్నది. అవ్వ ఎన్నడన్న డేరా టాకీసుల అడుగుపెట్టిందా? మధ్యాహ్నం ఆటకు తోలుకపోయిన. పాటలకు నవ్వింది, కొట్లాటకు కండ్లు మూసుకున్నది. తెలుగాయన టోపి ఎత్తంగనే నా చెయ్యి పట్టుకున్నది. తెరను చూసుకుంట, పక్కింటి మనిషితోని చెప్పినట్టు మెల్లగ, గా కోటు ఇప్పి రా అన్నది. ఎవలతోని మాట్లాడుతున్నవే అని అడిగితె, ఎవలతోని లేదన్నది.

ఆ రోజు సంది ఇల్లు ఇల్లులెక్క లేదు. తెల్లారకముందే లేసి దర్వాజ తీసి, తొవ్వ దిక్కు చూసుకుంట గడపల కూసుంటున్నది. మొన్న మీ బావ పొద్దుటి షిఫ్టుకు ఖాకీ కోటు తొడుక్కొని ఎల్లబోతుంటె, ఎదురుపోయి కోటు గుంజుకున్నది. వానకు తడుసుకుంటనే పోయిండు పాపం. కోటు ఎక్కడ దాచిందో ఇంక చెప్తలేదు. నా సంగతి గూడ ఏం చెప్పాలె. గని దిక్కు పోయే మనుషులు టోపీలు పెట్టుకొని ముసురుల నడుస్తుంటె, ఒక్కొక్కల నడక బాపు నడకలెక్కనే కనబడుతున్నది. పిలుద్దామని నోటిదాక వస్తున్నది.

అందుకే రాస్తున్న, మద్రాసు పోకు. నుదురు తుడుచుకునుడు ఎవలైన చేస్తరు. కానుపయ్యేదాకన్న ఆగు. ఈ జాబు ముట్టంగనే జవాబు రాయి, నాకు ఫికరుగున్నది.

ఇట్లు,
నీ బాగు కోరే అక్క,
అనసూర్య

తా.క. కవరు అంటిస్తుంటె అవ్వ వచ్చి పక్కన కూసున్నది. ఏం రాసినవు అని అడిగింది. చెప్పిన. అది సాలదు, ఇది గూడ రాయి అన్నది. అవ్వ చెప్పినట్టే రాస్తున్న, కూసొని చదువు.

బాపు మద్రాసు పోలే తమ్మీ. రజాకార్ల గడబిడల ఏడు కడెం వాగు అవతలి ఊర్లె నాటకముండె. నీకు జరమొచ్చి, నాటకానికి నేను గూడ వస్తనని ఏడ్చినవట. నువ్వు పండు బిడ్డా, పొద్దుగాల గదే వేషంతోని వచ్చి నీ ఒక్కనికే ఆడి చూపిస్త అని బాపు మాటిచ్చి పోయిండట. అన్నట్టే నాటకమైనంక కోటు ఇప్పలే, టోపి తియ్యలే. తెల్లారంగ వాగు ఒడ్డుపొంటి నడిచి వస్తుంటె ఎవలో చూసి, సి.ఐ.డి. మనిషి అనుకొని కాల్చిన్రట. ఎవలు కాల్చిన్రో, ఏ దిక్కోళ్లో ఇప్పటికీ తెల్వది. నాటకంల హంతకుని వేషం కట్టే ఇస్తారి ఉరికొచ్చి అవ్వకు చెప్పిండు. ఊర్లెకు తెస్తె ఇంకెంతమంది మీదికొస్తదో అని, అవ్వ, ఇస్తారి ఇద్దరే అక్కడనే మట్టిచేసిన్రు.

అవ్వ ఇంటికొచ్చేవరకు నీకు జరం దిగిందట. ముఖం కడుక్కొని, తల దువ్వుకొని, బాపు వేషంతోని వస్తడని గడపల కూసున్నవట. ఆ పోరనికి నేనేమని చెప్పాలె బిడ్డా అని నన్నడిగింది. పెద్దయినంక చెప్దామనుకున్నదట. తీరా పెద్దయినంక, నేను అడగకపోతె బాపు వేషం ఇప్పుకొని వచ్చి బతుకుతుండె గదా అని నువ్వు అనుకుంటవని భయపడ్డదట.

అట్ల అనుకోకు. తమ్ముడు అడిగినందుకేనా ఇప్పలే అని నేనూ అవ్వను అడిగిన. పోరడు అడిగిండు నిజమే, కని ఆయనకు ఆ వేషం ఇప్పబుద్ధి ఎన్నడు కాకపోయేది, గా కోటుతోనే బువ్వ తినేటోడు అన్నది అవ్వ.

ఆ నటునికి ఆ అలవాటు ఎట్లొచ్చిందో అవ్వకు తెల్వది, నాకు తెల్వది.

ఇది రాపిచ్చి అవ్వ నల్ల కాడికి పోయింది. ఇన్నేండ్లు మన కోసం పెట్టుకున్న బొట్టు కడుక్కొని వచ్చింది. గాజులు మాత్రం నువ్వొచ్చినంకనే తీస్తనంటున్నది. వచ్చినప్పుడు అవ్వ ముఖం చూసి బెదురకు తమ్మీ. దగ్గరికి పోయి కూసో.