చప్పుడు లేని విమానం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ పొద్దున శిక్షణలో తొలిసారి బ్యాటరీ విమానం ఎక్కాను. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు, ఆన్ చేసినా చప్పుడే లేదు. అయినా టేకాఫ్‌కు ముందు మీటర్లన్నీ అలవాటు కొద్దీ అరిచి చదివాను. నేర్పే మేడమ్ మన కోరుట్ల ఆమే. నవ్వింది.

"ఎందుకు గంతగనం ఒర్లుతున్నవమ్మా? నాకు మంచిగనే ఇనబడుతుంది."

"మా బాపు సిరిసిల్లల సాంచాలు నడిపిండు మేడమ్. మా ఇంట్ల అందరం గిట్లనే మాట్లాడుతం."

ఆ మరమగ్గాల మోతకు నీ చెవులు మొద్దుబారాక, "జర గట్టిగ చెప్పు బిడ్డా" అనేవాడివి కదా. ఇకనుంచి మెల్లగా చదవమంది మేడమ్. సరేనన్నాను.

పైకి లేచాక మాత్రం, "బాపూ, ఎగిరినం!" అని గట్టిగానే చెప్పాను.