మిసిసిపీకి అమ్మ దణ్ణం

శనివారం, డుబ్యూక్, హోటల్ గది

మధ్యాహ్నం పడవ ఎక్కేదాకా టూర్ బాగానే సాగింది.

నది మధ్యకి రాగానే అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పసుపు, కుంకుమ పొట్లాలు తీసింది. గోదావరి దాటేటప్పుడు చేసినట్టే నీళ్ళలో చల్లి, ఒక నాణెం వేసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. గాలికి కుంకుమ వెనక్కి ఎగిరి తెల్లటి డెక్ మీద పడింది. అందరూ తిరిగి చూశారు. నేను ఫొటో తీస్తున్నట్టు నాలుగడుగులు పక్కకి జరిగాను. పడవలో పనిచేసే అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "ఈజ్ షీ విత్ యూ?" అంది. వినపడనట్టు వంతెన వైపు చూస్తూ ఉండిపోయాను. ఛీ.

"షీ ఈజ్ మై నానమ్మ!" అని అరిచింది మా ఆరేళ్ల అన్విత. పరుగెత్తుకెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ వంగి తన చేతిరుమాలుతో డెక్ తుడిచింది.

ఇంగ్లీషు రాదు కదా, అర్థమై ఉండదులే అనుకున్నాను. ఇందాక పడుకోబోతూ అంది: "రేపు ఆ చేపల మ్యూజియంకి మీరెళ్ళి రండి నాన్నా. నాకు మోకాళ్ళు లాగుతున్నాయి, రూమ్‌లోనే ఉంటాను."

పడవలో పై డెక్‌కి మా అందరికంటే ముందు మెట్లెక్కింది అమ్మే. అది తెలిసీ, "సరేలే అమ్మా" అన్నాను.