గొర్రె కడుపులో ఎర్రదారాలు

అత్తా,

నిన్ను చిల్లంగిదని వెలివేయించింది మన ఊరిపెద్ద సూరప్పడు. చచ్చిన గొర్రె కడుపు కోసి, ఎరుపూ తెలుపూ పేనిన దారాల్లాంటివి చూపించి, "సూడండ్రా, మంత్రించి పెట్టీసింది" అన్నాడు.

నువ్వు ఊరు విడిచిన ఏడాదికి గొర్రెలు మళ్లీ చస్తున్నాయి. ఈసారి నేనే ఒకదాని కడుపు కోసి, ఆ దారాలను సీసాలో వేసి విజయనగరం కాలేజీకి పట్టుకెళ్లాను. కంటికి ఒకేలా కనిపించే పురుగులు చాలా ఉంటాయట. అందుకని అక్కడి మేడమ్ ఒక ముక్క నుంచి డీఎన్ఏ తీసి, తెలిసిన పురుగుల వాటితో పోల్చి చూసింది.

"దారాలు కావు బాబూ. గడ్డితో లోపలికెళ్లి నెత్తురు తాగే పురుగులివి. తాగిన నెత్తురే ఎర్రగా కనిపిస్తాది" అంది.

తిరుగు బస్సులో కిటికీ అవతల పచ్చిక మంచులో తేలుతోంది. అందులో నువ్వు గొర్రెలను తోలుకుపోతున్నట్టే ఉంది. నా కోపం కూడా కాసేపు కునుకు తీసింది.

మేడమ్ చెప్పిందంతా కరపత్రంలో రాసి ఇంటింటికీ పంచాను. రేపు ఉదయం ఎనిమిదింటికి సూరప్పడి అరుగు ముందుకి అందరూ రావాలి. నువ్వూ రా.