ఇంటికొకరు

మంగళవారం రాత్రి, తెనాలి

అన్నం సహించలేదు. కొత్త షుగర్ మందు మీద మేం చేస్తున్న పరిశోధనలో చేరిన పెనుమూడి నాగరత్నంగారికి ఎన్ని నెలలైనా షుగర్ తగ్గడం లేదు. ఎందుకో కనుక్కుందామని ఈరోజు వాళ్ళింటికి వెళ్లాను. మేమిచ్చిన మాత్రల డబ్బా వాళ్ళాయన దిండు పక్కన ఉంది.

"మీరు వేసుకోవడం లేదా పిన్నిగారూ?"

"మీ బాబాయిగారికి వేస్తున్నానమ్మా. ఏ పథకమైనా ఇంటికొకరికేగా, నా పేరు మీద ఇచ్చారనుకున్నా."

కిడ్నీలు బాగా లేవని ఆయన్ని చేర్చుకోనిది మేమే. ఆ మందు ఆయనకు ప్రమాదమని చెప్పాను.

"ప్రమాదమేంటమ్మా, కాలి పుండు మానిందిగా!" అని దుప్పటి తీసి చూపించారు. నిజంగానే మానింది. ఆ కాళ్ళ వాపు మాత్రం ఆమె కంటికి ఆనలేదు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, వెంటనే మందు ఆపించి ఆమెను పరిశోధన నుంచి తీసేయమన్నారు. ఇద్దరినీ రేపే ఆస్పత్రికి రమ్మంటే, "మినుము తీశాక చూద్దాంలేమ్మా" అన్నారామె.

డబ్బా తిరిగి ఇవ్వమంటే సంతోషంగా తెచ్చి చేతిలో పెట్టారు.

"ఈసారి ఇద్దరికీ సరిపడా తేమ్మా."

సరేనండి అన్నాను. ఏంటి సరే, నా మొహం!