గ్యాస్ బండ మార్చిన రోజు

అమ్మా, ముగ్గురం కులాసా. లెక్క తప్పలేదు: నేనూ, నీ అల్లుడూ, కడుపులో నిమ్మకాయంత ఇంకొకరూ. చెవులు వచ్చాయట, వినడానికి ఇంకా రెండు నెలలట. అయినా కుట్టుమిషన్ తొక్కుతూ నేను కబుర్లు చెబుతూనే ఉన్నాను.

“ఆఖరి నెలసరి ఏ రోజొచ్చిందమ్మా? పురుడు అక్కణ్ణించే లెక్కేయాలి,” అంది నర్సు. తేదీ గుర్తులేదు గాని, ఆ పొద్దున్న నీ దగ్గరే ఉన్నాను. కడుపునొప్పి అంటే గ్యాస్ బండ ముట్టుకోనివ్వలేదు నువ్వు. బండ మార్చిన తేదీ వంటింటి క్యాలెండర్ మీద రాశావుగా, చూసి వెంటనే రాయి. కడుపులో ఏమీ పడని ఆ మొదటి రెండు వారాలూ బిడ్డ లెక్కలోకే వస్తాయట!

నీ నడుంనొప్పి తగ్గిందా? నాన్నకు దణ్ణాలు. ఆ క్యాలెండర్ మాత్రం పారేయకు. బిడ్డ తొలిరోజు నీ చేతిరాతలోనే ఉంది.

నీ కూతురు