ఆదివారపు అమ్మానాన్నలు

నవంబరు 10, సోమవారం

చెల్లాయికి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, రెండు ఆవులూ, చెప్పిన మాట వినని గాడిదా. అక్కడ మీ కులాసా రాయి. నా ఫోను ఎత్తవు కాబట్టి కాగితం పట్టాను. దీన్ని కట్ చెయ్యలేవుగా!

మన ఆదివారాలు ఇంకా నడుస్తున్నాయి. నాన్న పెట్టిన పద్ధతి ఇసుమంతైనా మారలేదు. గేటు దగ్గర గంట కొట్టగానే మన తోట నూరేళ్లు వెనక్కి పోతుంది. టిక్కెట్టు కొని ఆ పాతకాలపు బతుకు చూడవచ్చినవాళ్ల ఫోన్లూ వాచీలూ, మనవీ కూడా ట్రంకుపెట్టెలో పడతాయి. సాయంత్రం మళ్లీ గంట కొట్టేదాకా ముత్తాతల కాలం మాట తప్ప ఇంకో మాట రాకూడదు. కొంప అంటుకున్నా వేషం వదలొద్దనేవాడు నాన్న. అమ్మానాన్నా ఇద్దరూ పోయాక, చచ్చినవాళ్ల వేషాలతో ఎన్నాళ్లు బతుకుతావక్కా అని నువ్వు సంచి సర్దుకుని పోయావు. నేను మనుషుల్ని పెట్టుకుని లాక్కొస్తున్నాను. నాన్న వేషం మన ఊళ్లో రిటైరైన పోస్టుమాన్ వేస్తాడు. అమ్మ వేషం దర్జీ ఆవిడ వేస్తుంది. నాకంటే ఆరేళ్లు చిన్నది, అయినా జుట్టుకి పిండి రాసుకుని నన్ను ఏమే పిల్లా అంటుంది. నీ వేషం వేసే బేకరీ అమ్మాయి మాత్రం పట్నంలో ఉద్యోగం దొరికి మానేసింది. అసలు సంగతి అదే, తర్వాత చెబుతాను.

ముందు నిన్నటి భాగోతం విను. పాలబిందె పట్టుకుని పాకలోంచి వస్తూ పేడలో కాలు జారి దబ్బున పడ్డాను. మడమ మెలిపడి ప్రాణం గిలగిల్లాడింది. అమ్మా అని అరిచాను. దర్జీ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. వేషంలో ఉన్నదాయె, పాలన్నీ ఒలకబోశావు, నువ్వు రేపు అత్తారింట్లో ఏం నెగ్గుకొస్తావే అని నాలుగు చీవాట్లు పెట్టింది. జనం పడీపడీ నవ్వారు. నిజంగానే కాలు పోయింది బాబోయ్, డాక్టర్ని పిలవండి అన్నాను. డాక్టరన్న మాట వాడినందుకు పోస్టుమాన్ కళ్లెర్రజేసి, మూలికల వైద్యుడి దగ్గరికి తీసుకెళదాం, బండి కట్టండర్రా అన్నాడు. నన్నెత్తి గాడిద బండిలో పడుకోబెట్టారు. దానికి తెలిసిన దారి ఒక్కటే కదా, వారంవారం జనాన్ని తిప్పే దారి. తోట చుట్టూ ఒక రౌండు వేసి తెచ్చి మళ్లీ పాక ముందే దింపింది! నాకు ఏడుపు ఆగలేదు. ఒకావిడ పక్కావిడతో, ఎంత బాగా ఏడుస్తోందో, కన్నీళ్లు కూడా తెప్పించుకుంటోంది చూడమంది. ఇక చప్పట్లే చప్పట్లు.

వేషం వదిలి చెప్పొచ్చుగా అంటావు. నోరు రాలేదే. ఆయన నా తల నిమురుతున్నాడు, ఆవిడ నా కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేషం వదిలితే ఆ చేతులు తీసేస్తారేమోనని భయమేసింది.

గంట కొట్టాక సంగతి తెలిసి ఇద్దరూ లబోదిబోమన్నారు పాపం. ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించి, ఇంట్లో దింపారు. తర్వాత అమ్మా నాన్నా చెరో స్కూటరెక్కి ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. బల్ల మీద మధ్యాహ్నం అందరం తిన్న కంచాలు అలాగే ఉన్నాయి. కుంటుకుంటూ వెళ్లి ఒక్కటి కడుక్కుని, అందులో ఇంత తిని పడుకున్నాను.

ఇక అసలు సంగతి. వచ్చే ఆదివారం బడిపిల్లలు రెండు బస్సుల్లో వస్తున్నారు. ఇంట్లో చెల్లెలు లేకపోతే ఏం బాగుంటుంది? ఆ ఒక్కరోజుకి రా. నీ పాత జాకెట్టు కుట్లు విప్పి వదులు చేయించాను, లావయ్యావని కాదులే. తోట అమ్మకం ఊసూ, పాత గొడవల ఊసూ ఎత్తను. వేషం కోసమే పిలుస్తున్నా సుమా, నీ మీద బెంగతో కాదు. జవాబు రాయకపోయినా సరే, మనిషివి వస్తే చాలు.

ఇట్లు,
కుంటి కాలి మీ అక్క

తా.క.: ఎందుకే అబద్ధాలు. నీ వేషానికి ఈ పొద్దున్నే మనిషి దొరికింది, వడ్రంగి కూతురు. గలగలా మాట్లాడుతుంది, నీకంటే బాగానే చేస్తుంది. ఆదివారం నీకిక్కడ ఏ పనీ లేదు. అందుకని ఆదివారం వద్దు, సోమవారం రా. ఆ రోజు ఇక్కడ నాన్న ఉండడు, అమ్మ ఉండదు. నేనొక్కదాన్నే ఉంటాను.